‘ఆశించు జీతము’ అను గడి

ఏటేట పరీక్షలు ముగిసిన దినములలో మా తెలుగు శాఖ గది గుమ్మము వద్ద కొందరు విద్యార్థులు వచ్చి నిలుచుందురు. పూర్వము చేతిలో దరఖాస్తు కాగితము ఉండెడిది. ఇప్పుడు సెల్‌ఫోను తెర ఉన్నది. పేరు, తండ్రి పేరు, చదువు, మార్కులు, వచ్చిన భాషలు, అన్నియు నింపియుందురు. ఒక్క గడి మాత్రము ఖాళీ. ‘ఆశించు జీతము’ అని దానిపైన వ్రాసియుండును. “సార్, ఇక్కడ ఏం వ్రాయమంటారు?” అని అడుగుదురు. కొందరు అడుగకయే ‘కంపెనీ నిబంధనల ప్రకారము’ అని వ్రాసివేయుదురు. మా ఎరుకలో ఈ మాట వ్రాసినవారే ఎక్కువ. చూచుటకు అది వినయముగా ఉండును గాని, నిజమునకు తెల్ల కాగితముపై సంతకము చేసి ఇచ్చుట వంటిది. ఎదుటివాడు తనకు తోచిన అంకె దానిపై వ్రాసికొనును.

మేమును ఒకనాడు అట్లే వ్రాసితిమి. 2014వ సంవత్సరములో ఎం.ఏ. పట్టా చేతికి వచ్చిన వేసవిలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల ఇంటర్వ్యూకు పోయితిమి. పాఠము చెప్పించుకొని చూచినారు, మెచ్చుకొన్నారు. పిదప “ఇప్పుడెంత వస్తున్నది?” అని అడిగినారు. అప్పటికి మేము సాయంకాలము పిల్లలకు ట్యూషను చెప్పి నెలకు ఆరువేలు సంపాదించుచుంటిమి. ఆ మాటే చెప్పితిమి. “ఎంత ఆశిస్తున్నారు?” అనిరి. “మీ ఇష్టం సార్” అంటిమి. తొమ్మిదివేలు నిర్ణయించిరి. ఆరు తొమ్మిదియైనది గదా అని సంతోషముతో ఇంటికి వచ్చి అమ్మీకి చెప్పి, మిఠాయి కూడ పంచితిమి. మూడు మాసముల తరువాత తెలిసినది, మాతో పాటు అదే దినమున, అదే శాఖలో చేరిన మిత్రునికి పదునాలుగువేలని. అతనికి మాకంటె మార్కులు ఎక్కువ లేవు, అనుభవమును లేదు. అతడు చేసినదెల్ల ఒక్కటే. “ఈ పోస్టుకు ఎంత అనుకున్నారు సార్?” అని ఎదురు అడిగినాడు.

నష్టము ఆ అయిదువేలతో ఆగలేదు. ప్రతి సంవత్సరము పదిశాతము పెంపుదల ఇచ్చెడివారు. రెండేండ్లకు మా తొమ్మిదివేలు పదివేల ఎనిమిదివందల తొంబదియైనది. అతని పదునాలుగువేలు పదునారువేల తొమ్మిదివందల నలుబది యైనది. అయిదువేల ఎడము ఆరువేల ఏబదిగా పెరిగినది. ఇరువురము ఒకే బల్ల వద్ద కూర్చుండి ఒకే విధమైన జవాబుపత్రములు దిద్దుచుంటిమి. అంతకంటె కష్టమేమనగా, తరువాత మరొక చోటికి దరఖాస్తు చేసికొన్నప్పుడు అక్కడను మొదటి ప్రశ్న “ఇప్పుడెంత వస్తున్నది?” అనుటయే. మొదటి అంకె అనుమతి లేకుండ మన వెంట వచ్చు నీడ. అందుచేతనే ఈ విషయమును గూర్చి మన పత్రికలో కొంత వివరముగా వ్రాయుట అవసరమని తలచినాము.

మన పిల్లలకు ఈ ప్రశ్న ఎదుట నోరు పెగలకుండుటకు కారణములు గలవు. మన పెద్దలు ఎరిగిన ఉద్యోగము సర్కారు ఉద్యోగము. అందులో జీతపు స్కేలు ప్రకటనలోనే అచ్చయియుండును. వేతన సవరణ సంఘము పెంచినప్పుడు పెరుగును. అడుగుట, చెప్పుట అను ప్రసక్తియే లేదు. కావున మా తండ్రిగారి తరమువారికి ఈ ప్రశ్న ఎన్నడును ఎదురు కాలేదు, వారు మాకు నేర్పలేకపోయినారు. ఇక రెండవది మొగమాటము. ఉర్దూలో దానినే తకల్లుఫ్ అందుము. విందులో రెండవసారి వడ్డించినప్పుడు చాలు చాలు అనుట మర్యాదయే. కాని ఆ మర్యాదను జీతము మాటలోనికి తెచ్చిన, ఎదుటివారు నిజముగానే చాలునని వడ్డించుట మానివేయుదురు. విచిత్రమేమనగా, లాడ్ బజారులో డజను గాజుల కొరకు గంటసేపు బేరము చేసిన తల్లి, కొడుకు ఉద్యోగము విషయములో మాత్రము “ఇచ్చింది తీసుకో బేటా, అడిగితే పోతుందేమో” అని దిగులుపడును.

మూడవ కారణము మతమునకు సంబంధించిన అపార్థము. రిజ్క్ ఇచ్చువాడు అల్లాహ్ గదా, అడుగుట తవక్కుల్‌కు విరుద్ధము కాదా అని ఒక విద్యార్థి మమ్ము సూటిగా ప్రశ్నించినాడు. మంచి ప్రశ్న. మేము ఆలిములము కాము. కాని అందరును ఎరిగిన విషయమునే చెప్పితిమి. ఫిఖ్హ్ గ్రంథములలో ఇజారా అను అధ్యాయమున్నది. ఒకని శ్రమను కూలికి తీసికొను ఒప్పందము చెల్లుబాటు కావలెనన్న, ఆ కూలి ఎంతయో ముందే తెలిసియుండవలెనని అందు నియమము. తెలియని కూలి తరువాత తగవునకు దారితీయును గనుక దానిని ధర్మజ్ఞులు అంగీకరింపలేదు. ఖురానులోని అల్ ఖసస్ అధ్యాయమున ప్రవక్త మూసా అలైహిస్సలాం మద్యన్ చేరి ఒక వృద్ధుని వద్ద కొలువు కుదురుకొన్న వృత్తాంతము ఉన్నది. ఎనిమిదేండ్లు నియమము, పదేండ్లు చేసినచో అది ఇష్టపూర్వకము అని పని మొదలు కాకముందే ఇరువురును మాట్లాడుకొన్నారు. ప్రవక్త యూసుఫ్ అలైహిస్సలాం భాండాగారపు బాధ్యత కోరునప్పుడు తన యోగ్యతను తానే చెప్పుకొన్నారు. కాబట్టి షరతులు ముందు తేల్చుకొనుట అహంకారమును కాదు, అత్యాశయును కాదు. తవక్కుల్ అన్నది ఒంటెను కట్టిన తరువాత.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. ఈ ప్రశ్న అడుగువారు ఎవరు, ఎందుకు అడుగుదురు?

హైదరాబాదులోని కంపెనీలు మనుషులను చేర్చుకొనునప్పుడు తరచుగా మొదట మనతో మాట్లాడునది కన్సల్టెన్సీ మనిషి. అతనికి కంపెనీ వారే రుసుము ఇత్తురు. ఆ రుసుము సాధారణముగా చేరినవాని ఏడాది జీతములో ఇంత శాతమని ఉండును. దీనిని బట్టి మన జీతము తగ్గించుటలో అతనికి లాభము లేదని గ్రహింపవచ్చును. అయితే పెంచుటకై ఎక్కువ శ్రమపడుటలోను అతనికి లాభము లేదు. అతనికి కావలసినది పని త్వరగా ముగియుట. ఒక ఉద్యోగమునకు ఇరువది మంది పేర్లు అతని ముందుండును. అందులో కంపెనీ ఇవ్వదలచిన మొత్తమునకు అందనివారిని తీసివేయుటకు ఈ ప్రశ్న జల్లెడ వంటిది. కన్సల్టెన్సీ మనిషి తరువాత మాట్లాడు కంపెనీ హెచ్.ఆర్. అధికారి సంగతి వేరు. అతని వద్ద ఆ ఉద్యోగమునకు ఇంత నుండి ఇంత వరకు అని ఒక పరిధి ముందే నిర్ణయమై ఉండును. అందులో తక్కువలో ఒప్పించినచో అతనికి మాట దక్కును. అతడు మన శత్రువు కాడు, మన మేనమామయును కాడు. తన పని తాను చేయుచున్నాడు.

ఫోనులో వచ్చు ప్రశ్నలు మూడు. ప్రస్తుతపు సి.టి.సి. ఎంత? ఆశించు సి.టి.సి. ఎంత? ఎన్ని దినములలో చేరగలరు? ఈ మూడును ఒక్క ఊపిరిలో అడుగుదురు. విద్యార్థి బస్సులోనో, బజారులోనో ఉండి, తొట్రుపాటుతో ఏదో ఒక అంకె చెప్పివేయును. అట్లు చెప్పిన అంకె వారి జాబితాలో ఎక్కిపోవును. కావున మొదటి నియమము మిక్కిలి చిన్నది. బస్సులో జవాబు చెప్పవద్దు. “సార్, ప్రయాణంలో ఉన్నాను, గంటలో నేనే ఫోన్ చేస్తాను” అనినంత మాత్రమున ఏ ఉద్యోగమును పోదు.

ఆ గంటలో చేయవలసిన పనియున్నది. అదే కంపెనీలోనో, అటువంటి కంపెనీలోనో పనిచేయు పూర్వవిద్యార్థిని ఒకనిని అడుగవలెను. “భాయ్, మీ జీతమెంత?” అని అడుగుట బాగుండదు, “ఈ పనికి కొత్తగా చేరేవాళ్ళకు అక్కడ ఎంత నుంచి ఎంత దాకా ఇస్తున్నారు?” అని అడిగిన ఎవరైనను చెప్పుదురు. ఇద్దరు ముగ్గురిని అడిగిన ఒక అంచనా తేలును. తరువాత మన ఇంటి లెక్క. హైదరాబాదులో గదికి, భోజనమునకు, రాకపోకలకు ఎంత, ఇంటికి పంపవలసినది ఎంత అని కాగితముపై వేసికొనవలెను. ఆ రెండును కలిపి చూచినప్పుడు ‘దీనికంటె తక్కువైన పోలేము’ అను ఒక అంకె మనస్సులో నిలుచును. ఆ అంకెను ఎవరికిని చెప్పనక్కరలేదు. అది మనకొరకు.

గంట తరువాత సంభాషణ ఈ తీరున సాగవచ్చును.

“మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంతండీ?”

“సార్, పని గురించి మీరు చెప్పింది నాకు నచ్చింది. ఈ పోస్టుకు కంపెనీ వారు ఎంత నుంచి ఎంత వరకు అనుకున్నారో చెప్పగలరా?”

“అది మేము చెప్పకూడదండీ, మీరే ఒక నంబర్ చెప్పండి.”

“నేను విచారించినంతలో ఇలాంటి పనికి ఏడాదికి మూడున్నర నుంచి నాలుగు లక్షల వరకు ఇస్తున్నారు. నేనూ ఆ పరిధిలోనే ఆశిస్తున్నాను. మిగతా షరతులు చూసి మాట్లాడుకుందాం సార్.”

ఇందులో గమనింపవలసినవి కొన్ని గలవు. మొదట మనమే అంకె చెప్పక, వారి పరిధిని అడిగితిమి. వారిలో సగము మంది చెప్పివేయుదురు. అప్పుడు మన పని తేలిక. చెప్పనప్పుడు ఊరకుండక ఒక పరిధి చెప్పితిమి. పరిధి చెప్పునప్పుడు ఎదుటివారి చెవికి క్రింది అంకెయే వినబడునని మరువరాదు. మూడు నుండి నాలుగు అన్నచో మూడే వ్రాసికొందురు. కావున క్రింది అంకెయే మనకు నిజముగా సమ్మతమైనది కావలెను. “నా ఇంటి ఖర్చులు ఎక్కువ, చెల్లెలి పెండ్లి ఉన్నది” అని మనము చెప్పలేదు. అది నిజమే కావచ్చును, మా విద్యార్థులలో అనేకుల విషయమున నిజమే. కాని కంపెనీ కొనుచున్నది మన పనిని. మన అవసరమును కాదు. అవసరము చెప్పుకొన్నవానికి జాలి దొరకవచ్చునేమో గాని, జీతము దొరకదు.

దరఖాస్తు తెరలో అంకె వేయనిదే ముందుకు పోనివ్వని గడులు ఉన్నవి. అక్కడ సున్నా వేయుమని కొందరు సలహా ఇత్తురు. మేము అట్లు చెప్పము. యంత్రము సున్నాను ఎట్లు గ్రహించునో ఎవరు చూచినారు? మనము విచారించి తేల్చుకొన్న పరిధిలో నడుమ అంకె వేయుట మేలు.

ప్రస్తుతపు జీతమెంత అను ప్రశ్న దీనికంటె చిక్కు. ఉన్నదానికంటె ఎక్కువ చెప్పిన ఏమగునని ఆశ కలుగును. మతము మాట అటుంచి, లోకవ్యవహారముగా చూచినను అది మూర్ఖత. చేరునప్పుడు మూడు మాసముల జీతపు చీటీలు అడుగుదురు, బ్యాంకు ఖాతా చూపుమందురు, ప్రావిడెంటు ఫండు ఖాతాలో నెలనెల ఎంత పడినదో చూడవచ్చును. పూర్వపు యజమానికి వ్రాసి విచారించు సంస్థలును కలవు. అబద్ధము బయటపడిన చేతికి వచ్చిన ఉద్యోగమే పోవును. కాని అబద్ధమాడకుండుట వేరు, అడిగినదెల్ల అప్పగించుట వేరు. “నా ఇప్పటి పని వేరు సార్, ఈ పోస్టు బాధ్యతలను బట్టి మాట్లాడుకుంటే బాగుంటుంది” అనుట అబద్ధము కాదు. పట్టుబట్టి అడిగినచో నిజమే చెప్పి, వెంటనే “ఇది చిన్న ఊరిలో, చదువు పూర్తి కాకముందు చేరిన పని, ఇప్పుడు నేను ఆశిస్తున్నది ఇంత” అని ఆ అంకె పక్కన రెండవ అంకెను నిలుపవలెను. ఆనాడు ఇంటర్వ్యూలో మేము ట్యూషను ఆదాయమును ఒంటరిగా వదలి వచ్చితిమి. అదే మా పొరపాటు.

ఈ ప్రశ్ననే కొన్ని దేశములు చట్టముతో నిషేధించినవి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము 2016లో అట్టి చట్టము చేసి 2018 జులై నుండి అమలు పరచినది. కాలిఫోర్నియాలో 2018 జనవరి 1 నుండి పూర్వపు జీతమెంత అని యజమాని అడుగరాదు. 2023 నుండి పదిహేనుగురు లేక అంతకు మించి పనివారున్న సంస్థలు ఉద్యోగ ప్రకటనలోనే జీతపు పరిధి వేయవలెను. ఐరోపా సమాఖ్య 2023లో ఇదే దారిలో ఒక ఆదేశము చేసి, సభ్యదేశములు దానిని తమ చట్టములలో చేర్చుకొనుటకు 2026 జూన్ 7 గడువు పెట్టినది. స్త్రీలకు మొదట ఇచ్చిన తక్కువ జీతము జీవితాంతము వెంటాడుచున్నదని గుర్తించుట వలన ఈ చట్టములు పుట్టినవి. మన దేశములో అట్టి నిషేధము లేదు. అందుచేత మన జాగ్రత్తయే మనకు చట్టము. ఎం.ఎస్. చదువుటకు అమెరికా పోవు మన పిల్లలు మాత్రము, అక్కడి రాష్ట్రమును బట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదని తెలిసికొని పోవలెను.

సి.టి.సి. అను మాటను ఇంతవరకు వాడుచు వచ్చితిమి. దానిని విప్పి చూపనిదే ఈ వ్యాసము వలన ప్రయోజనము లేదు. ఎన్నో ఇండ్లలో కన్నీరు పెట్టించిన మాట ఇది. మా విద్యార్థి ఒకడు ఏడాదికి మూడు లక్షల అరువది వేలని ఉద్యోగపత్రము తెచ్చుకొన్నాడు. తండ్రిగారు పన్నెండు చేత భాగించి, నెలకు ముప్పదివేలని లెక్కవేసి, ఆ ధైర్యముతో ఇంటి మరమ్మతుకు అప్పు చేసినారు. మొదటి నెల ఖాతాలో పడినది ఇరువది రెండువేలు. కొడుకు డబ్బు దాచుచున్నాడని తండ్రికి అనుమానము. తండ్రి నమ్మలేదని కొడుకునకు దుఃఖము. ఎనిమిదివేలు ఎక్కడికి పోయినవి?

సి.టి.సి. అనగా ఒక ఉద్యోగి కొరకు కంపెనీకి ఏడాదిలో అగు మొత్తము వ్యయము. అది మన చేతికి వచ్చు సొమ్ము కాదు. ఆ పత్రములోని 3,60,000 రూపాయలలో 36,000 పనితీరును బట్టి సంవత్సరాంతమున ఇచ్చు భాగము. ఇచ్చిన ఇత్తురు, లేకున్న లేదు. మూల వేతనము నెలకు 15,000. దానిపై కంపెనీ తన వంతు ప్రావిడెంటు ఫండు పన్నెండు శాతము, అనగా నెలకు 1,800, ఏడాదికి 21,600 కట్టును, అదియు ఇందులోనిదే. గ్రాట్యుటీ కొరకు మూల వేతనములో 4.81 శాతము, అనగా 8,658 రూపాయలు లెక్కలో వేసినారు. ఆరోగ్య బీమా రుసుము 5,742. ఈ నాలుగును తీసివేయగా మిగిలినది 2,88,000, నెలకు 24,000. అందులో మరల మన వంతు ప్రావిడెంటు ఫండు 1,800, వృత్తిపన్ను 200 పోవును. మన రెండు తెలుగు రాష్ట్రములలోను నెలకు ఇరువదివేలు దాటిన జీతమునకు వృత్తిపన్ను 200 రూపాయలు. చేతికి వచ్చినది 22,000.

ఇందులో మోసమేమియు లేదు. ప్రావిడెంటు ఫండు మన సొమ్మే, వడ్డీతో తిరిగి వచ్చును. కాని గ్రాట్యుటీ సాధారణముగా అయిదేండ్లు నిలిచిన వానికే దక్కును; 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారము నిర్ణీతకాలపు ఒప్పందముపై చేరినవారికి ఏడాది సేవకే అర్హత కలుగును. రెండేండ్లలో మరొక చోటికి పోదలచిన పిల్లవానికి ఆ 8,658 కాగితముపై అంకె మాత్రమే. అదే దినమున అమలైన వేతనముల స్మృతి మరొక మార్పు తెచ్చినది. మూల వేతనము తక్కువ చూపి, మిగిలినదంతయు రకరకముల అలవెన్సుల పేరిట ఇచ్చు అలవాటు చాలకాలముగా ఉన్నది. ఇప్పుడు ఆ అలవెన్సుల వంటివి మొత్తములో సగమునకు మించినచో, మించిన భాగమును కూడ వేతనముగానే లెక్కింపవలెను. దీనివలన ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ పెరుగవచ్చును, నెలనెల చేతికి వచ్చునది కొంత తగ్గవచ్చును. కావున సి.టి.సి. చెప్పినవారిని రెండు ప్రశ్నలు తప్పక అడుగవలెను. “ఇందులో ఖచ్చితంగా వచ్చేదెంత, పనితీరును బట్టి వచ్చేదెంత?” “అన్నీ పోగా నెలకు చేతికి ఎంత వస్తుంది?” ఈ రెండవ ప్రశ్నకు సిగ్గుపడవలసిన పని లేదు. హెచ్.ఆర్. వారి వద్ద ఆ లెక్క కాగితము సిద్ధముగానే ఉండును.

కొత్తగా చదువు ముగించిన వారికి పెద్ద కంపెనీలు అందరికి ఒకే జీతము ఇచ్చుచుండును. అక్కడ బేరమునకు చోటు తక్కువ. మూడున్నర లక్షలని ముందే ప్రకటించిన చోట నాలుగు అడిగి ప్రయోజనము లేదు. అక్కడ అడుగవలసినవి వేరు. శిక్షణ కాలములో ఎంత ఇత్తురు? బాండు ఉన్నదా, మధ్యలో మానివేసిన ఎంత కట్టవలెను? అసలు సర్టిఫికెట్లు తమ వద్ద ఉంచుమన్న చోట, డిపాజిట్టు కట్టుమన్న చోట మాత్రము బేరమే వద్దు, లేచి రావలసినదే.

మన విద్యార్థులలో పెక్కుమంది, ముఖ్యముగా బి.ఎడ్. చేసినవారు, కంపెనీలకు గాక ప్రైవేటు పాఠశాలలకు పోవుదురు. అక్కడ సి.టి.సి. మాట వినబడదు. “నెలకు ఇంత” అని ఒక్క మాట. కాని ఏడాదికి ఎన్ని నెలలు? వేసవిలో జీతము ఆపు పాఠశాలలు కలవు. పన్నెండువేల చొప్పున పదినెలలు ఇచ్చిన లక్షా ఇరువదివేలు; పదివేల అయిదువందల చొప్పున పన్నెండు నెలలు ఇచ్చిన లక్షా ఇరువదియారువేలు. పెద్ద అంకె చెప్పిన పాఠశాలయే తక్కువ ఇచ్చుచున్నది. “వేసవి జీతం ఇస్తారా సార్?” అను అయిదు నిమిషముల ఇబ్బందితో ఆరువేలు తేలును. ఈ మాట వ్రాయుచున్నప్పుడు మన కమిటీ పెద్దలును దీనిని చదువుదురని మాకు తెలియును. పార్ట్‌టైము అధ్యాపకులకు వేసవి జీతము ఇచ్చు విషయము వారి పరిశీలనలో ఉన్నదని విన్నాము, సంతోషము.

ఇక గల్ఫ్ సంగతి. మన మహల్లాలలో సౌదీకో, దుబాయికో, ఖతర్‌కో పోయినవారు లేని వీధి అరుదు. అక్కడికి పంపు ఏజెంటు చెప్పునది కూడ ఒక్క అంకెయే. “రెండువేల దిర్హములు.” అందులో మూల వేతనమెంత, అలవెన్సు ఎంత అని అడుగువారు తక్కువ. దుబాయి మొదలగు ప్రాంతములున్న అరబ్ ఎమిరేట్స్‌లో 2021 నాటి కార్మిక చట్టము ప్రకారము సేవ ముగించి వచ్చునప్పుడు, ఏడాది పూర్తిచేసిన వానికి మొదటి అయిదేండ్లకు ఏడాదికి ఇరువదియొక్క దినముల మూల వేతనము గ్రాట్యుటీగా ఇత్తురు. మూల వేతనము 800, అలవెన్సు 1,200 అని వ్రాసికొన్నవానికి రెండేండ్లకు 1,120 దిర్హములు వచ్చును. మూల వేతనము 1,600, అలవెన్సు 400 అని వ్రాసికొన్నవానికి 2,240 వచ్చును. నెలనెల ఇరువురికిని రెండువేలే. తేడా కాగితములో ఉన్నది, ఆ కాగితము సంతకము చేయునాడు మన ముందున్నది.

ఇందులో పట్టభద్రులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. పదవ తరగతి కూడ లేనివారు గల్ఫ్ దేశములకు పోవునప్పుడు, 1983 నాటి వలసల చట్టము క్రింద ప్రభుత్వ అధికారి అనుమతి కావలెను. ఆ సందర్భమున వారి ఒప్పందము ఒకరి కంటబడును. పదవ తరగతి దాటినవారి పాస్‌పోర్టుకు సాధారణముగా ఆ అనుమతి అక్కరలేదు. ఇది సౌకర్యమే గాని, చదువుకొన్నవాని ఒప్పందమును చూచు కన్ను మరొకటి లేదని దీని అర్థము. అతడే చదువుకొనవలెను. ఏజెంటు ప్రభుత్వమువద్ద నమోదైనవాడా కాడా అని ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చును. సేవారుసుముగా 30,000 రూపాయలకు, దానిపై జి.ఎస్.టి.కి మించి తీసికొనుటకు అతనికి హక్కు లేదు. ‘ఆజాద్ వీసా’ అని లక్షలు గుంజువాడు జీతమెంత అను ప్రశ్నకు జవాబే ఇవ్వడు. అక్కడ పోయి వెదకుకొమ్మనును. ఫోనులో చెప్పిన అంకె, వాట్సాపులో పంపిన అంకె, ఒప్పందములోని అంకె మూడును ఒక్కటేనా అని చూచిన తరువాతనే విమానము టికెట్టు మాట.

విద్యార్థినుల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. మా పూర్వవిద్యార్థిని ఒకతె లెక్కలలో ప్రథమశ్రేణి. ఇంటర్వ్యూలో ఆమెను “మీవారు ఏం చేస్తారమ్మా?” అని అడిగి, వారికి మంచి ఉద్యోగమని విని, “అయితే మీకు పెద్ద ఇబ్బంది లేదు కదా” అని పదివేలు తక్కువ చెప్పినారట. భర్త సంపాదన చూచి భార్య జీతము తగ్గించు లెక్క ఏ గణితములోనిదో మాకు తెలియదు. 1976లోనే మన దేశములో సమాన వేతన చట్టము వచ్చినది. ఇప్పుడు ఆ నియమము వేతనముల స్మృతిలో చేరియున్నది. ఒకే పనికి స్త్రీ పురుష భేదముతో జీతము మార్చరాదు. ఆమె ఆ గదిలో చట్టము పేరు ఎత్తలేదు. “ఈ పోస్టుకు మీరు ఇస్తున్నదెంతో అదే నాకూ ఇవ్వండి సార్, క్లాసులు కూడా అన్నే కదా తీసుకునేది” అన్నది. పదివేలలో ఎనిమిదివేలు తిరిగి వచ్చినవి. మిగిలిన రెండువేలకై మరుసటి ఏడు మరల అడిగెదనని మాతో చెప్పినది. అడిగినదో లేదో కబురు రావలసియున్నది.

ఒప్పుకొన్న తరువాత మాటను కాగితముపైకి తెచ్చుకొనుట మరొక పని. “చేరండి, ఆరు నెలల తరువాత పెంచుతాం” అన్న వాగ్దానము చెప్పినవాడు బదిలీయైనచో అతనితో పాటు పోవును. “సంతోషం సార్, ఆ మాట కూడా లెటర్‌లో ఒక వాక్యంగా వేయిస్తారా?” అని మర్యాదగా అడుగవచ్చును. ఉద్యోగపత్రము చేతికి రానిదే పాత ఉద్యోగమునకు రాజీనామా ఇవ్వరాదు. ఈ చిన్న తప్పు వలన రెండు పడవలును పోయినవారిని చూచినాము.

ఇన్ని మాటలకును మూలమైన చిక్కు ఒకటి ఉన్నది. ‘విచారించవలెను’ అని వ్రాసితిమి; ఎవరిని విచారించవలెను? పట్టణపు పెద్ద కళాశాలల పిల్లలకు అన్నలు, బాబాయిలు ఆయా కంపెనీలలో ఉందురు. మన విద్యార్థులలో చాలమంది ఇంట్లో మొదటి పట్టభద్రులు. తండ్రి మెకానిక్కో, పండ్ల వ్యాపారియో, దర్జీయో. వారిని అడుగ తెలియును గాని జీతపు పరిధి తెలియదు. కావున కమిటీవారికి ఒక మనవి. పూర్వవిద్యార్థులు ఉద్యోగములలో చేరినప్పుడు, పేరు వ్రాయక, ఏ పని, ఏ ఊరు, ఏ సంవత్సరము, మొదట ఎంత చెప్పిరి, చివరకు ఎంత ఇచ్చిరి, చేతికి ఎంత వచ్చుచున్నది అను ఆరు వివరములు వ్రాసి ఉంచుటకు కళాశాలలో ఏర్పాటు చేయవలెను. దీనికి ధనము అక్కరలేదు. ఒక బీరువా అర, ఒక గుమాస్తా పూనిక చాలును. ప్రతి జూన్‌లో కొత్త పుటలు చేరుచుండును.

ఆ ఏర్పాటు అగువరకు మా గదిలో ఒక నోటుపుస్తకము పెట్టితిమి. అట్టపైన తెలుగులోను, ఉర్దూలోను పేరు వ్రాయించితిమి. ఉర్దూ శాఖ మిత్రులు చక్కని దస్తూరితో వ్రాసి ఇచ్చినారు. ఇప్పటికి పదునేడు పుటలు నిండినవి. మొదటి పుటలో ఉన్నవి మా వివరములే: జూనియర్ అధ్యాపకుడు, 2014, వారు అడిగినది ‘ఇప్పుడెంత’, మేము చెప్పినది ‘మీ ఇష్టం’, ఇచ్చినది తొమ్మిదివేలు.